పశ్చాత్తాపమా, ఉత్త బాధేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మేముండే వీధిలో శుక్రవారం సాయంత్రం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో గృహ ప్రార్థన జరుగుతుంది. పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాక టీ, మురుకులు. వాక్యం చెప్పేటప్పుడు నోరు విప్పనివాళ్లు టీ గ్లాసు చేతికొచ్చాక మెల్లగా పక్కకు పిలుస్తారు. "అన్నా, ఒక మాట అడగాల..." అంటారు. నేను పాస్టరును కాదు, సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్పే మామూలు విశ్వాసిని. ఈ విషయం మీద నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నలు, నేను చెప్పిన జవాబులు ఇవి. కొన్ని జవాబులు అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, ఇక్కడ దిద్దుకున్నాను.

చేసిన తప్పుకు బాధపడుతూనే ఉన్నాను. అది పశ్చాత్తాపం కాదా?

కావచ్చు, కాకపోవచ్చు. ఆ బాధ ఎవరి కోసమో చూడాలి.

తిరుచానూరు రోడ్డులో హెల్మెట్ లేకుండా పోయి ఫైన్ కట్టినవాడు కూడా బాధపడతాడు. ఇంటికొచ్చి భార్యతో చెప్పుకుంటాడు, రాత్రి అన్నం కూడా సయించదు. కానీ వాడి బాధంతా పోయిన డబ్బు గురించి, "పక్క సందులోంచి పోయింటే సరిపోయేది" అని. మర్నాడు సందులోంచే పోతాడు. బాధపడ్డాడు, దారి కూడా మార్చాడు, హెల్మెట్ మాత్రం పెట్టుకోలేదు.

పౌలు కొరింథులో ఉన్న సంఘానికి ఒకసారి గట్టిగా ఉత్తరం రాశాడు. అది చదివి వాళ్లు నొచ్చుకున్నారు. తర్వాత రెండో కొరింథీ పత్రిక 7వ అధ్యాయంలో ఆ సంగతి ఎత్తి, దుఃఖం రెండు రకాలంటాడు. "దైవచిత్తానుసారమైన దుఃఖము" మారుమనస్సును పుట్టిస్తుంది, "లోకసంబంధమైన దుఃఖము" మరణాన్ని పుట్టిస్తుంది. రెండింటికీ ఆయన వాడింది ఒకే మాట, దుఃఖం. ఒకటి ఎక్కువ బాధ, ఇంకొకటి తక్కువ బాధ అనలేదు. ఎంత నొప్పి పుట్టింది అన్నదాన్ని బట్టి తేల్చే సంగతి కాదిది. ఆ నొప్పి మనిషిని ఎటు తీసుకుపోయిందో చూడమంటాడు.

తెలుగు బైబిల్లో ఒకచోట పశ్చాత్తాపం, ఇంకోచోట మారుమనస్సు అని ఉంటుంది. రెండూ ఒకటేనా?

మాటల్ని విడదీసి చూస్తే తేడా కనబడుతుంది. పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే మంట. పని అయిపోయాక లోపల పుట్టే మంట అన్నమాట. ఆ మంటతో మనిషి ఏం చేశాడో ఆ మాట చెప్పదు. మారుమనస్సు అనే మాటలో మార్పు ఉంది.

కొత్త నిబంధన గ్రీకులో కూడా రెండు మాటలు ఉన్నాయి. మెటానోయియా అంటే మనసు తిరగడం, ఆలోచనే మారిపోవడం. మెటమెలోమై అంటే చేసినదానికి లోపల నొచ్చుకోవడం. డబ్బుకు యేసును పట్టించిన శిష్యుడు ఇస్కరియోతు యూదా గురించి మత్తయి రాసింది ఈ రెండో మాట. తెలుగులో అక్కడ "పశ్చాత్తాపపడి" అని ఉంటుంది. పాత నిబంధన హెబ్రీలో ప్రవక్తలు ఎక్కువగా వాడే మాట షూబ్. దానికి సాదా అర్థం వెనక్కి తిరిగి రావడం, దారి తప్పినవాడు ఊరివైపు మళ్లడం.

కొందరు ప్రసంగీకులు ఈ రెండు గ్రీకు మాటల మధ్య గోడ కట్టేస్తారు, ఇది నకిలీ, అది అసలు అని. అంత సులువు కాదు. మత్తయి 21వ అధ్యాయంలో ఇద్దరు కొడుకుల కథ ఉంది. ద్రాక్షతోటలో పని చేయమంటే ఒకడు "పోను" అన్నాడు, తర్వాత మనసు మార్చుకుని పోయాడు. యేసు మెచ్చుకున్నది వాడినే. అక్కడ ఉన్నది కూడా మెటమెలోమై. యూదాకు వాడిన మాటే! కాబట్టి నిఘంటువు చూసి మనిషిని తేల్చలేం. ఆ కొడుకు తోటకు పోయాడు, అదీ తేడా.

యూదా బాధపడ్డాడు, డబ్బు కూడా తిరిగిచ్చేశాడు కదా. మరి ఇంకేం చేయాలి?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇదే. ఒక పదో తరగతి పిల్ల అడిగింది. నేను ఏదో సర్దిచెప్పాను, ఆ పిల్లకు సరిపోలేదు, నాకూ సరిపోలేదు.

ఆ పిల్ల లెక్క సరైనదే. యూదా చేసినవి చూడండి. నొచ్చుకున్నాడు. "నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అని నోటితో ఒప్పుకున్నాడు. ముప్పై వెండి నాణేలూ దేవాలయంలో పారేశాడు. మనలో చాలామంది అంత దూరం కూడా పోము. ఇంకోపక్క ఇంకో శిష్యుడు పేతురు ఉన్నాడు. యేసును పట్టుకుపోయిన రాత్రి మూడుసార్లు "ఆయన ఎవరో నాకు తెలియదు" అన్నాడు. ఆ రాత్రి పేతురు "పాపం చేశాను" అని ఎవరితోనైనా చెప్పినట్టు కూడా లేదు, బయటికి పోయి ఏడ్చాడంతే.

మరి తేడా ఎక్కడ? నాకు అర్థమైంది ఇది. యూదా ఎవరి దగ్గరికి పోయాడో చూడండి. తనను పనిలో పెట్టుకున్న ప్రధానయాజకుల దగ్గరికి. తప్పులో భాగస్వాముల దగ్గరే తప్పు ఒప్పుకున్నాడు. వాళ్లు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. మనిషి విరిగిపోయి వచ్చినప్పుడు ఇంతకన్నా కఠినమైన మాట ఉండదు. ఆ మాటనే యూదా ఆఖరి మాటగా తీసుకుని తన ప్రాణం తనే తీసుకున్నాడు. పేతురు మాత్రం మిగతా శిష్యుల్ని వదిలిపెట్టి పోలేదు. సిగ్గుతోనే వాళ్ల మధ్య ఉన్నాడు. సమాధి ఖాళీ అయిందని వినగానే పరిగెత్తాడు. ఒడ్డున ప్రభువు నిలబడి ఉన్నాడని తెలియగానే పడవ ఒడ్డు చేరేదాకా ఆగలేక సముద్రంలో దూకాడు.

యోహాను ఇక్కడ చిన్న వివరం పెట్టాడు. పేతురు అబద్ధమాడింది ప్రధానయాజకుడి ముంగిట, చలికి కాచుకునే బొగ్గుల మంట దగ్గర. సముద్రపు ఒడ్డున యేసు చేపలు కాల్చిందీ బొగ్గుల మంట మీదే. ఆ గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే వస్తుంది. అదే వాసన, అదే వెచ్చదనం. అక్కడ మూడు అబద్ధాలు, ఇక్కడ "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడు ప్రశ్నలు. పేతురు మూడోసారికి నొచ్చుకున్నాడు. ఆ నొప్పి అవసరమేనని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. యూదా కథ చెప్పేటప్పుడు, ఆత్మహత్యలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం మన మందిరంలోనే కూర్చుని ఉండొచ్చు. ఆ వేదికను వాళ్లమీద తీర్పు చెప్పడానికి వాడకండి.

నాకు ఏడుపు రాదు. అంటే నాది నిజమైన పశ్చాత్తాపం కాదా?

సుంకం వసూలు చేసే జక్కయ్య ఏడ్చినట్టు లూకా రాయలేదు. మేడిచెట్టు దిగి సంతోషంగా యేసును ఇంటికి తీసుకుపోయాడు. పెద్దకొడుకు హక్కును ఒక పూట కూటికి అమ్ముకున్న ఏశావు ఏడ్చాడు, కన్నీళ్లతో వెతికినా అతనికి మారుమనస్సుకు చోటు దొరకలేదని హెబ్రీ పత్రిక చెబుతుంది. కొందరికి కన్నీళ్లు ఊరకే వస్తాయి, కొందరికి తల్లి చచ్చినా రావు. యోవేలు ప్రవక్త బట్టలు కాదు, గుండెల్ని చింపుకోమన్నాడు. మన కన్వెన్షన్లలో కీబోర్డు మెల్లగా వాయిస్తూ "ఏడవండి, ఏడవండి" అనే పద్ధతి నాకు మొదటినుంచీ పడదు. ఆ పాటకు ఎవరికైనా ఏడుపొస్తుంది.

దొరికిపోయాక బాధపడితే లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. దావీదు రాజు కూడా దొరికిపోయాకే ఒప్పుకున్నాడు. ఊరియా భార్య బత్షెబతో చేసిన తప్పు, ఊరియాను చంపించిన సంగతి అన్నీ దాచేశాడు. ప్రవక్త నాతాను వచ్చి ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అనేదాకా కదల్లేదు. కానీ దొరికిన క్షణంలో మనిషి ఏమంటాడో చూడాలి.

దావీదుకు ముందు రాజు సౌలు కూడా దొరికాడు. శత్రువుల పశువుల్ని కూడా మిగల్చవద్దన్న దేవుడి మాట వినలేదు. ప్రవక్త సమూయేలు రాగానే మొదట "నేను మాట విన్నాను" అన్నాడు. గొర్రెల అరుపులు వినబడుతున్నాయే అంటే "అవి జనం తెచ్చారు" అన్నాడు. చివరికి "పాపము చేసితిని" అన్నాడు, దాని వెంటే పెద్దల ముందు నన్ను ఘనపరచు అని అడిగాడు. పరువు పోకూడదు, అదీ బాధ. దావీదు రాజే, అతనికీ పరువు ఉంది. రెండు మాటల్లో ఒప్పుకుని ఊరుకున్నాడు, వివరణ ఇవ్వలేదు. ఐగుప్తు ఫరో కూడా వడగండ్లు పడుతున్నప్పుడు "పాపం చేశాను" అన్నాడు. వాన ఆగింది, మాటా మారింది. మన పరీక్షల ముందు ప్రార్థనలు కొన్ని ఈ రకమే.

క్షమాపణ ఎలా అడగాలి?

మన భాషలో తప్పుకు కర్త లేకుండా మాట్లాడే సౌకర్యం చాలా ఉంది. నోరు జారింది. చెయ్యి దాటిపోయింది. పొరపాటైంది. ఏదో అట్లా అయిపోయింది. పెళ్లిళ్లలో, మీటింగుల్లో "మా వల్ల ఏదైనా లోపం జరిగి ఉంటే క్షమించండి" అంటాం. అక్కడ అది మర్యాద, తప్పు లేదు. కానీ నిజంగా ఒకరిని దెబ్బ తీసి, వాళ్ల ముందు నిలబడి "తప్పు జరిగింది" అంటే ఆ తప్పు ఎవరు చేశారు? వానా? గాలా?

నిర్గమకాండంలో అహరోను చెప్పిన జవాబు చదివితే నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది, ఆ తర్వాత సిగ్గేస్తుంది. జనం మొక్కడానికి బంగారు దూడను తనే పోతపోశాడు. మోషే అడిగితే ఏమన్నాడు? జనం బంగారం ఇచ్చారు, నేను దాన్ని అగ్నిలో వేశాను, ఈ దూడ అయ్యింది అన్నాడు. అదే వచ్చేసిందట! తప్పిపోయిన కొడుకు తండ్రికి చెప్పాలని దారి పొడుగునా నేర్చుకున్న మాట వేరు, "నేను పరలోకమునకు విరోధముగాను నీ యెదుటను పాపము చేసితిని." అందులో "నేను" ఉంది, "నువ్వు" ఉంది, చేసిన పని ఉంది.

నా సలహా ఒకటే. "జరిగింది" అనబోయిన ప్రతిచోటా "చేశాను" అని మార్చి చెప్పి చూడండి. గొంతు పట్టేస్తుంది. "అయితే", "కానీ", "నువ్వు కూడా" అనే మాటలు నోటికొస్తే ఆ పూటకు ఆపేసి ఇంకోరోజు పొండి.

దేవుడు క్షమించేశాడు కదా, మళ్లీ మనుషులకు తిరిగి ఇవ్వడం ఎందుకు?

జక్కయ్య ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు ఇస్తానన్నాడు. ధర్మశాస్త్రంలో గొర్రెను దొంగిలించి అమ్మినవాడికి, చంపినవాడికి పడే లెక్క అది. తనంతట తాను ఒప్పుకున్నవాడికి అంత లేదు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం అసలు ఇచ్చి, దానిమీద ఐదోవంతు కలిపితే సరిపోతుంది. జక్కయ్య తనకు తానే పెద్ద లెక్క వేసుకున్నాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అని యేసు అన్నది ఆ తర్వాతే. డబ్బిచ్చి రక్షణ కొన్నాడని కాదు. రక్షణ ఇంట్లోకి వస్తే పెట్టె తాళం తెరుచుకుంది.

నా సంగతే చెబుతాను. మా నాయన పోయాక పలమనేరు దగ్గరున్న చేను అమ్మినాం. అక్కా నేనూ ఇద్దరమే. బేరం చూసింది నేను. ఎనిమిది లక్షలు వచ్చింది. అక్కకు ఆరని చెప్పి మూడు లక్షలు చేతిలో పెట్టాను. తమ్ముడు కదా, ఆమె కాగితం కూడా అడగలేదు. ఆ లక్ష మా ఇంటి మిద్దెమీద గది కట్టడానికి పోయింది.

ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో ఉపవాసం ఉన్నాను. ఏడ్చాను, అది నటన కాదు. ప్రభువు బల్ల సంస్కారం తీసుకునే ముందు "ప్రభువా, నేనెంత పాపినో" అని ప్రార్థించాను. ఎంతో నాకు కచ్చితంగా తెలుసు, ఒక లక్ష.

ఒకసారి బావకు వేలూరు ఆసుపత్రిలో ఆపరేషన్ పడింది. అక్క ఫోన్ చేసి ఇరవై వేలు సర్దమనింది. వెంటనే పంపాను. "నీ రుణం ఎట్లా తీర్చుకునేది తమ్ముడా" అని ఏడ్చింది. ఆమె డబ్బే ఆమెకు అప్పుగా ఇచ్చి, పైగా దీవెనలు కూడా పుచ్చుకున్నాను. ఆ రాత్రి మిద్దెమీద గదిలోనే పడుకున్నాను, నిద్ర రాలేదు.

మొదట నా భార్యకు చెప్పాల్సి వచ్చింది. ఆమెకు కూడా తెలియదు. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు గాజులు తీసి కుదువ పెట్టమని ఇచ్చింది. లక్షకు ఐదోవంతు ఇరవై వేలు. ₹1,20,000 సంచిలో పెట్టుకుని తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఎక్కాను. అక్క అప్పడిగిన ఇరవై వేలను ఇందులోంచి కోయలేదు. చంద్రగిరి దాటేదాకా ధైర్యంగానే ఉన్నాను. పూతలపట్టు దగ్గర దిగి వెనక్కి పోదామా అనిపించింది. ఏడేళ్ల ప్రార్థనల్లో ఎప్పుడూ రానంత టెన్షన్ ఆ రెండు గంటల్లో వచ్చింది. దేవుడికి చెప్పుకోవడం నాకు సులువైపోయింది, ఎందుకంటే ఆయన నన్ను చూసి ముఖం తిప్పుకోడని తెలుసు. అక్క తిప్పుకోవచ్చు.

కానుక బలిపీఠం దగ్గర వదిలిపెట్టి, ముందు పోయి నీ సహోదరుడితో సమాధానపడు అని కొండమీది ప్రసంగంలో యేసు చెప్పాడు. పశ్చాత్తాపానికి ఒక అడ్రసు ఉంటుంది. నాకది చిత్తూరులో ఉంది.

ఆ మనిషి చనిపోయి ఉంటే?

వాళ్ల వారసులకు ఇవ్వండి. ధర్మశాస్త్రం ఈ సందేహాన్ని కూడా ఊహించింది. తీసుకోవడానికి రక్తసంబంధి ఎవరూ లేకపోతే అది యాజకుడికి చెందుతుందని ఉంది. డబ్బుతో తీరని తప్పయితే, ఉదాహరణకు ఒకరి పేరు చెడగొట్టి ఉంటే, ఎవరెవరి దగ్గర చెడుగా చెప్పారో వాళ్ల దగ్గరికి పోయి అది అబద్ధమని చెప్పొచ్చు. చాలామంది ఇంతవరకూ పోరు.

ఆదివారం సంఘమంతటి ముందు నిలబడి ఒప్పుకోవాలా?

తప్పు ఎంతమందికి తగిలిందో అంతమందికి చెప్తే చాలని నా అభిప్రాయం. సంఘం డబ్బు వాడుకున్నవాడు సంఘానికి చెప్పాలి. భార్యను మోసం చేసినవాడు మైకు ముందు చెప్తే ఆమెను రెండోసారి అవమానించినట్టే. సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. పాత పాపాలు అరగంట, ప్రభువు రెండు నిమిషాలు. వినేవాళ్లు కూడా ఆ అరగంటకే ముందుకు వంగి వింటారు.

మా ఆయన రాత్రి తాగి కొడతాడు, పొద్దున కాళ్లు పట్టుకుని ఏడుస్తాడు. క్షమించకపోతే పాపమా?

అమ్మా, ముందు నీ ఒళ్లు, నీ పిల్లలు క్షేమంగా ఉండాలి. మిగతావన్నీ తర్వాత.

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి జనం వచ్చి "మేమేం చేయాలి" అని అడిగారు. ఆయన ఏడవమనలేదు. సుంకం వసూలు చేసేవాళ్లతో నిర్ణయించినదానికన్నా ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులతో ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. మారుమనస్సుకు తగిన ఫలం అంటే అది. ఎవరి చెయ్యి ఎక్కడ తప్పు చేస్తోందో అక్కడ ఆగడం. మీ ఆయన ఏడుపు నిజమో కాదో నాకు తెలియదు, బహుశా ఆ పూటకు నిజమే కావచ్చు. ఫలం మాత్రం ఇట్లా ఉంటుంది: తాగుడు మాన్పించే డాక్టరు దగ్గరికి తనే పోవడం, జీతం నీ చేతికివ్వడం, నువ్వు పుట్టింటికి పోయి కొన్నాళ్లు ఉంటానంటే బెదిరించకుండా ఒప్పుకోవడం. నువ్వు దూరంగా ఉన్నప్పుడు అతను ఎట్లా ఉంటాడో చూస్తే చాలా తెలుస్తుంది.

క్షమించడం వేరు, మళ్లీ ఆ చేతికి అందేంత దగ్గరికి పోవడం వేరు. పగ పెట్టుకోకుండా కూడా దూరంగా ఉండొచ్చు. "సర్దుకో అమ్మా, నువ్వు ప్రార్థన చేస్తే మారతాడు" అని పంపించే పెద్దలు నాకు తెలుసు. వాళ్లు చేసేది తప్పు. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు.

క్యాథలిక్కులకు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఉంది. మనకు లేదు. ఎవరిది సరైనది?

మా గృహ ప్రార్థనకు క్యాథలిక్ కుటుంబాలు కూడా వస్తాయి కాబట్టి ఈ ప్రశ్న మీద గొడవ పెట్టుకోను. చరిత్ర కొంచెం తెలిస్తే మంచిది. 1551లో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభ మనస్తాపాన్ని రెండుగా చెప్పింది. దేవుడి మీద ప్రేమతో పుట్టేది సంపూర్ణ మనస్తాపం. నరకభయంతోనో, పాపం ఎంత వికారమో చూసి అసహ్యంతోనో పుట్టేది అసంపూర్ణం. రెండోదాన్ని కూడా పనికిరానిదని పారేయలేదు, అది కూడా దేవుడి వరమే, మనిషిని దారిలో పెడుతుందని చెప్పింది. భయంతో మొదలైనవాడిని గేటు దగ్గరే ఆపకూడదన్నమాట. నాకు ఆ మాట నచ్చుతుంది.

ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడు లూథర్ 1517లో పెట్టిన 95 వాదాల్లో మొదటిదే ఈ విషయం మీద. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్నాడు. ఒక రోజు చేసి ముగించే కర్మకాండ కాదని. 1530 నాటి లూథరన్ల విశ్వాస ప్రకటన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు పశ్చాత్తాపానికి రెండు భాగాలు చెబుతుంది, పాపం తెలిసి భయపడటం ఒకటి, క్రీస్తు క్షమిస్తాడని నమ్మడం రెండోది. మన తిరుపతిలో ప్రధాన కార్యాలయం ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి వాళ్లు ఆ సంప్రదాయం వాళ్లే. ఆ పదో తరగతి పిల్లకు ఇప్పుడు జవాబు చెప్పాల్సి వస్తే ఈ రెండు భాగాలనే చూపిస్తాను. యూదాకు మొదటిది నిండుగా ఉంది, రెండోది లేదు. ఇక లూథరన్లు గురువు దగ్గర విడిగా ఒప్పుకోవడాన్ని రద్దు చేయలేదు, మనమే వాడుక మానేశాం. ఒక మనిషి ముందు నోరు తెరిచి చెప్పడంలో ఉన్న కష్టం మనకు లేకుండా పోయింది, అందువల్ల లాభపడ్డామని నేననుకోను.

"ఆదివారం క్షమించమని అడిగి సోమవారం మళ్లీ మొదలుపెడతారు" అని హిందూ స్నేహితులు అంటారు. ఏం చెప్పాలి?

ముందు కోపం తెచ్చుకోవద్దు. మనల్ని చూసే అంటున్నారు.

చిత్తూరు జిల్లాలో కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటే అబద్ధాలకోరు కూడా వెనకడుగు వేస్తాడు. రాజకీయ నాయకులు సైతం "కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్" అని సవాళ్లు విసురుకుంటారు. అక్కడ అబద్ధమాడితే అనుభవించాల్సి వస్తుందన్న భయం జనంలో అంత గట్టిగా ఉంది. అట్లాంటి భయం మధ్య పెరిగిన స్నేహితుడికి "అడిగితే చాలు, క్షమించేస్తాడు" అనే మన మాట మరీ చవగ్గా వినబడితే ఆశ్చర్యం లేదు. కొండమీద తల వెంట్రుకలు ఇచ్చి వచ్చే స్నేహితుడు నాతో అన్నాడు, "మాకు కనీసం గుండు కనబడుతుంది, మీకేం కనబడుతుంది?" అని. మంచి ప్రశ్న. నేను చిత్తూరు పోయొచ్చిన సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే గుండే నయం" అన్నాడు.

ఎన్నిసార్లు ఒప్పుకున్నా మళ్లీ అదే తప్పు చేస్తున్నాను. నాది నకిలీయా?

రోజుకు ఏడుసార్లు తప్పు చేసి ఏడుసార్లు వచ్చి అడిగినా క్షమించమని యేసు మనకే చెప్పాడు. మనల్ని అంతకన్నా తక్కువగా క్షమిస్తాడా? పడటాన్ని బట్టి తేల్చుకోవద్దు. పడే చోటికి మళ్లీ మళ్లీ ఎందుకు పోతున్నారో చూడండి. ఫోన్‌లో చెడ్డవి చూసేవాడు రాత్రి ఏడ్చి, ఫోన్ దిండు కింద పెట్టుకునే పడుకుంటే ఆ ఏడుపుకు అర్థం లేదు. హాల్లో చార్జింగ్ పెట్టి రావాలి. పుత్తూరు కట్టు కట్టించుకున్నవాళ్లకు తెలుసు, ఎముక సరిగ్గా కూర్చున్నా కట్టు విప్పకూడని రోజులు కొన్ని ఉంటాయి. బాగైపోయిందని రెండో రోజే బరువులెత్తితే మళ్లీ పుత్తూరు పోవాల్సిందే.

ఒప్పుకున్నాను, తిరిగిచ్చాను, అయినా మనసు నన్ను వదలడం లేదు.

"మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" ఆయన నమ్మదగినవాడు కాబట్టి క్షమిస్తాడని యోహాను రాశాడు. క్షమాపణ మన ఏడుపు నాణ్యత మీద ఆధారపడలేదు, ఆయన నమ్మకత్వం మీద ఆధారపడింది. నేను చూసినంతలో పరిశుద్ధాత్మ గద్దింపు స్పష్టంగా ఉంటుంది: ఫలానా మనిషి, ఫలానా పని, పోయి దిద్దుకో. దిద్దుకోవడానికి ఏ పనీ మిగలకుండా "నువ్వు పనికిరావు, నువ్వు పనికిరావు" అని మాత్రమే వినబడుతుంటే అది వేరే గొంతు. నిద్ర, తిండి పోయి చచ్చిపోవాలనిపిస్తుంటే అది జబ్బు కూడా కావచ్చు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఉపవాస ప్రార్థన ముగిసేదాకా ఆగవద్దు. డాక్టరు దగ్గరికి మీతోపాటు రమ్మని సంఘంలో నమ్మకమైన ఒకరిని అడగండి.

మీ అక్క క్షమించిందా?

ఈ కథ చెప్పిన ప్రతిచోటా ఇది అడుగుతారు.

సంచి తీసుకుంది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది. "ఏడేళ్లా?" అనింది. ఐదోవంతు సంగతి నేను చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపింది. కాఫీ ఇచ్చింది, చక్కెర వేయడం మరిచిపోయింది, నేనూ అడగలేదు. బస్టాండు దాకా బావ బండిమీద దించాడు, దారిలో ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఐదు నెలలు ఫోన్ లేదు. క్రిస్మస్ రోజు నేనే చేశాను, ఎత్తింది.

ఇప్పుడు బాగానే మాట్లాడుతుంది. మా పిల్లలు సెలవులకు వాళ్లింటికి పోతారు. పోయిన ఏడాది వాళ్ల ఖాళీ స్థలం ఒకటి అమ్మకానికి పెట్టారు. బేరానికి నన్ను పిలవలేదు.